సబ్బు రుచి చూసే పని

అయ్యా, మేజిస్ట్రేటు గారూ, నా పేరు షేక్ షబ్బీర్. వయసు యాభై ఆరు. కాపురం మైలవరం. ఊరి బయట కిరణ్‌కుమార్ గారి సబ్బు షెడ్డులో మేస్త్రిని. కబేళా నుంచి వచ్చే కొవ్వు కరిగించి, కాస్టిక్ సోడా నీళ్లు పోసి ఉడికించి సబ్బు తీస్తాం. దాన్ని విజయవాడలో ఒంటి సబ్బులు, గిన్నెల పొడి చేసేవాళ్లు కొంటారు.

సబ్బులో కాస్టిక్ మిగిలిందో లేదో నాలుకతో చూస్తాం. ముక్క నాలుకకు ఆనిస్తే, మిగిలి ఉంటే చురుక్కుమంటుంది. ముప్పై ఏళ్లు అలాగే చూశాను. రెండేళ్లుగా నా నాలుకకు కూరలో కారం కూడా తెలియడం లేదు. చెబితే పని పోతుందని ఓనరుకు చెప్పలేదు. కొవ్వు ఎత్తిపోసే దానమ్మ చేత చాటుగా చూపించేవాణ్ని. ఆమె చెప్పిందే నేను చెప్పేవాణ్ని.

2003 మార్చి 11, మంగళవారం ఉదయం పదకొండు గంటలకు లారీ వచ్చింది. దానమ్మ అప్పటికి కొవ్వు డ్రమ్ముల దగ్గర ఉంది. ఓనరు "ఎత్తించమంటావా షబ్బీర్?" అన్నారు. ముక్క నాలుకకు ఆనించి "బాగుందండీ" అన్నాను. ఇంతలో దానమ్మ వచ్చి తనూ చూసి, "అయ్యో, మంటండీ! ఇంకాసేపు ఉడకాలండీ" అంది.

"మేస్త్రికి లేని మంట నీకెక్కడిదే? లారీ నీ కోసం ఆగాలా?" అని ఓనరు నవ్వారు. గోరువెచ్చటి సబ్బు పిడికెడు నా చేతిలో పెట్టి, దాని నోట్లో పెట్టమన్నారు.

దానమ్మ నా వైపు చూసి "మేస్త్రిగారూ, మీరు చెప్పండి" అంది. ఏం చెప్పమంటోందో నాకు తెలుసు. చెప్పలేదు. దవడ పట్టుకుని నోట్లో పెట్టింది నేనే. ఉమ్మబోతే నోరు మూసింది నేనే. ఓనరు వాచీ చూస్తూ రెండు నిమిషాలు ఉంచమన్నారు. ఉంచాను. ముక్కులోంచి నురుగు వచ్చింది. లారీ డ్రైవరు నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం.

ఆమె మింగేసింది. పదకొండున్నరకు సరుకు ఎత్తించాం. ఆమెను ఆటోలో వేసింది పన్నెండు దాటాక.

పొరపాటున తానే మింగిందని చెప్పమన్నారు ఓనరు. పోలీసులకు మొదట అదే చెప్పాను. దానమ్మకు గొంతు పూడిపోయింది, మాట రాదు. రాయడం ముందునుంచీ రాదు. అందుకని నా మాటే నిలిచింది.

నిన్న సాయంత్రం నాలుగింటికి ఆస్పత్రికి వెళ్లాను. గొట్టంతో గంజి పోస్తున్నారు. నన్ను చూడగానే రెండు చేతులతో నోరు మూసుకుంది.

ఎవరూ బెదిరించకుండా, ఎవరూ ఆశ పెట్టకుండా ఇది చెప్పాను. చదివి వినిపించారు, విన్నాను. ఉన్నది ఉన్నట్టే ఉంది.

షేక్ షబ్బీర్, ఎడమ బొటనవేలి ముద్ర