రాకెట్టుకు అర మాత్ర

తిరుపతిలో రోడ్డుకవతల కంప్యూటర్ సెంటర్లో పవిత్ర గల్ఫు నర్సింగు లైసెన్సు పరీక్ష రాస్తా ఉంది. ఇది రెండో తూరి. మొదటి తూరి మందుల ప్రశ్నల్లోనే తప్పింది. ఈసారీ తప్పితే వచ్చిన ఉద్యోగం పోతాది. తల్లి శకుంతలమ్మ ఇవతల టీకొట్టు బెంచీ మీద కూర్చోని ఆ సెంటరు వాకిలే చూస్తా ఉంది.

పక్కన మొగుడు చెంగల్రాయుడు అప్పుడే గొప్పలు మొదలుపెట్టేసినాడు. చిత్తూరు మెడికల్ షాపులో ఇరవై ఏండ్లుగా మాత్రలందిస్తా ఉండే మనిషి. మందులన్నీ షీటు రంగును బట్టే గుర్తు. కూతురికీ అట్లే నేర్పినాడు, పచ్చ షీటు గ్యాసుకు, ఎర్ర షీటు బీపీకి అని. పరీక్షలో రంగులడగరు. శకుంతలమ్మ భయమంతా అదే.

ఒక్క పూటలో బిడ్డకు నలభై మందులు బట్టీ పట్టించినానని టీకొట్టు మునిచంద్రకు, లోపల పరీక్ష రాస్తా ఉన్న ఇంకో పిల్ల తండ్రి రామచంద్రకు చెప్పినాడు. టీ రెండో గుక్కకు నలభై కాస్తా నాలుగు వందలైనాయి. మూడో గుక్కకు, కండ్లకు గంతలు కట్టినా సరే, షీటు చించే చప్పుడు విని మందు పేరు చెప్పేస్తాడంట. కాణిపాకం దారిలో ఏనుగుకు జ్వరమొస్తే, దాని బరువు కంటితోనే తూచి, లెక్కగట్టి, నూట ఇరవై మాత్రలు అరటిగెలలో కుక్కి తినిపించినాడంట, మర్నాడది షాపు వెతుక్కుంటా వచ్చి తొండమెత్తి దండం పెట్టిందంట.

"ఆ తర్వాత ఏమైందో తెల్సునా? సూళ్లూరుపేట నుంచి ఫోను. రాకెట్టు ఎగరనంటా ఉండాదంట. ఫోను దాని పక్కన పెట్టమని, విన్నా. బీపీ. అర మాత్ర నాలిక్కింద పెట్టండన్నా. లేచి పోయినాది."

"రాకెట్టుకు నాలిక యాడుండాదప్పా?" అన్నాడు మునిచంద్ర.

"ఎగిరేటప్పుడు కిందికి ఎర్రగా సాపతాది సూడు, అదేంది మరి?"

అప్పటికే పవిత్ర రోడ్డు దాటొచ్చి ఎనక నిలబడుంది. ఫలితం అప్పటికప్పుడే ఇచ్చేస్తారు. శకుంతలమ్మ గబుక్కున లేచింది.

"పాసైనానమ్మా."

చెంగల్రాయుడు ఛాతీ జానెడు ముందుకొచ్చింది. "నేను నేర్పిన చదువప్పా అది!"

"నిజంగా మీ నాయనే నేర్పినాడామ్మా?" అని రామచంద్ర పవిత్రనే అడిగినాడు.

"నాయన వల్లే గట్టెక్కినా మామా. ప్రశ్నకు నాలుగు జవాబులిస్తారు గదా. తెలియని చోటల్లా, మా నాయనైతే ఏది చెప్తాడా అని తలుచుకున్నా. దాన్ని కొట్టేసి, మిగిలిన మూడిట్లో ఎతుక్కున్నా."