ఆల్విన్ తోలిన బండి

ఆదివారం పాతసామాన్ల సంత ముగిశాక మేమంతా గెర్డా బీరు కొట్లో చేరతాం. హనోవర్ దగ్గర మా ఊళ్ళో అదే రచ్చబండ. నా పేరు ఊవె, సంతలో పాత ఫోటోలు అమ్ముతాను. నా దగ్గర ఎక్కువ కొనేది లోథార్. యుద్ధకాలపు ఫోటో కనబడితే చాలు, అందులో ఉన్నది జర్మన్ సైన్యపు ఏ వాహనమో, దాని మీది గుర్తు ఏ దళానిదో చెప్పడం అతని పిచ్చి. చెప్పానని చెప్పుకోవడం ఇంకా పెద్ద పిచ్చి.

ఆ ఆదివారం వాళ్ళ పిన్ని ఫ్రీడాను వెంటబెట్టుకొచ్చాడు. ఆవిడది తూర్పు జర్మనీ. సరిహద్దు దాటడానికి అక్కడ ముసలివాళ్ళకిచ్చే అనుమతి సంపాదించి, చనిపోయిన తన అక్క కొడుకు లోథార్‌ని ఇన్నేళ్ళకి చూసిపోదామని వచ్చింది. కొత్త చెవులు దొరికాయి, ఇంకేం, లోథార్ అందుకున్నాడు.

"గొప్పకి చెప్పడం లేదు పిన్నీ, మొదట్లో నాకూ ఏమీ తెలీదు. ఒకసారి ఈ ఊవె బల్ల మీద ఒక ఫోటో, బురదలో లారీ, ముక్కు తప్ప ఏమీ కనబడదు. చూడగానే ఓపెల్ కంపెనీ మూడు టన్నులది అన్నాను. వీడు నోరు తెరిచాడు."

"ఆవలింతకి తెరిచాను," అన్నాను.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇంకోడు ఉత్త మడ్‌గార్డున్న ఫోటో తెచ్చాడు. దాని మీద గోరంత పసుపు గుర్తు. అది చూసి దళం పేరు, బయల్దేరిన ఊరు, అన్నీ చెప్పేశాను."

"నలుపు తెలుపు ఫోటోలో పసుపు ఎలా కనబడిందయ్యా?" అంది గెర్డా.

"అందరికీ కనబడితే నన్నెందుకు పిలుస్తారు? అది విని మ్యూజియం వాళ్ళు ఈ కొట్లోకే పరిగెత్తుకొచ్చారు. అసలు వాహనమే లేని ఫోటో పెట్టారు. రోడ్డూ, బురదా, చక్రాల జాడలూ. వెనక ఎడమ టైరులో గాలి తక్కువ, డ్రైవరుకి పంటినొప్పి అన్నాను."

"పంటినొప్పా?" అంది గెర్డా.

"ప్రతి గుంతనీ తప్పించుకుంటూ పోయాడే పిచ్చిదానా! పన్ను బాగున్నవాడు గుంతలు చూస్తాడా? సరే, వాళ్ళకి కుళ్ళు పుట్టి నా కళ్ళకి గంతలు కట్టి, ట్యాంకున్న ఫోటో ఒకటి చేతికిచ్చారు. వాసన చూశాను, పెట్రోలు. చెవికి ఆనించాను, ఇంజను మొరాయిస్తోంది. 'గేరు మార్చరా వెధవా!' అని ఒక్క కేక పెట్టాను. గంతలు విప్పేసరికి ఫోటోలో ట్యాంకు లేదు! అంచు దాటి పోయింది. ఉత్త దుమ్ము మిగిలింది. ఈ గెర్డానే తుడిచింది, అడుగు."

"నేను తుడిచింది నీ బీరు నురగ."

అందరం నవ్వాం. లోథార్ నవ్వలేదు. గ్లాసు పక్కకి జరిపాడు.

"నాదేముంది. అసలు మొనగాడు యుద్ధానికెళ్ళి తిరిగిరాని మా నాన్న ఆల్విన్. ఆయనది ఎనిమిది చక్రాల కవచం బండి. దళం మొత్తానికి ముందు నడిచేది. నది అడ్డొస్తే వంతెన కోసం ఆగేది కాదు, ఎగిరి దూకేది. వెనక కారులోంచి జనరల్ 'ఆల్విన్, కాస్త నెమ్మదిగా నాయనా' అని బతిమాలేవాడట. ఇంట్లో ఉన్న ఫోటోలన్నీ యుద్ధం చివర్లో అమ్మ నన్నెత్తుకుని తూర్పు నుంచి పారిపోయి వచ్చేటప్పుడు పోయాయి. కానీ ఎక్కడో ఒక ఫోటోలో ఆ బండి తలుపు తెరుచుకుని ఉంటుంది, ఆయన లోపల కూచుని ఉంటాడు. నాదీ ఆయనదీ ఒకటే మొహం అని అమ్మ అనేది కదా, చూడగానే పట్టేస్తాను. వేల ఫోటోలు చూశాను పిన్నీ. ఇంకా తగల్లేదు."

ఫ్రీడా చెంచా కింద పెట్టింది.

"ఏం బండి అన్నావురా?"

"అమ్మ చెప్పేది కదా, నాన్న సైన్యంలో బండి తోలుతున్నాడని."

"తోలాడు. గుర్రబ్బండి."

గెర్డాకి నవ్వు రాబోయి ఆగిపోయింది.

"సైన్యం వాళ్ళు మీ గుర్రం లీసెను తోలుకుపోడానికి వచ్చారు," అంది ఫ్రీడా. "అది మీ నాన్న చేతికి తప్ప లొంగేది కాదు. దానితో పాటు ఆయన్నీ తీసుకుపోయారు. రొట్టెలు మోశాడు, గడ్డి మోశాడు, దెబ్బలు తిన్నవాళ్ళని మోశాడు. ఫోటోల్లో మోటార్లు మెరుస్తాయి గానీ, ఆ సైన్యాన్ని లాగింది సగానికి సగం గుర్రాలేరా. మీ నాన్నకి మోటారంటే భయం. ట్రాక్టరు వస్తే చెవులు మూసుకునేవాడు. నీకప్పుడు మాటలు కూడా సరిగ్గా రాలేదు, నీకేం గుర్తుంటుంది."

లోథార్ నావైపు చూశాడు. ఆ చూపు నాకర్థమైంది. ఆల్బం కొన్నప్పుడల్లా నా బల్ల దగ్గరే కూచుని విప్పేవాడు. వాహనాలున్నవి సంచిలో వేసుకుని, మిగతావి నావైపు నెట్టేసేవాడు. "గుర్రాలు నువ్వే ఉంచుకో ఊవె," అనేవాడు.

"ఊవె, ఆ గుర్రాలవి..."

"లేవు లోథార్. గుర్రాల పిచ్చోడు ఒకడు హాలండ్ నుంచి వచ్చేవాడు. పెట్టెలకి పెట్టెలు పట్టుకుపోయాడు. పేరు కూడా అడగలేదు నేను. ఇప్పుడు రావడమూ మానేశాడు."

 లోథార్ పిన్ని వైపు తిరిగాడు.

"లీసె ఏ రంగు?"

"ముదురు రంగు. నుదుటి మీద తెల్లమచ్చ, ఇంత."

"అలాంటివి చాలా చూశాను పిన్నీ," అన్నాడు లోథార్, ఎప్పుడూ లేనంత చిన్న గొంతుతో. "పక్కన ఎవరున్నారో చూడలేదు."