మోకాళ్ళ నొప్పి కాదు డాక్టరమ్మా

ముందు ఆ తలుపు గట్టిగా మూయమ్మా. గడియ కూడా పెట్టు. బయట బెంచీ మీద కూర్చున్నోళ్ళకి ఒక్కోరికి బారెడు చెవులు.

ఆ చీటీ రాసే అమ్మాయైతే మరీనూ! "ఏం కష్టం అవ్వా?" అని ఆస్పత్రంతా వినబడేట్టు అడిగింది. అవ్వంట! యాభై దాటి ఇంకా ఎన్నాళ్ళయిందని? వెనకాల లైను లైనంతా మెడలు చాపింది. ఏం చెప్పమంటావు?

మోకాళ్ళ నొప్పి అని చెప్పినా.

చీటీలో అదే ఉంటాది, కొట్టెయ్. నా మోకాళ్ళు బండరాళ్ళు. ఎముకల డాక్టరు గదికి పొమ్మనింది. నేను దాన్ని దాటుకోని నీ గదిలో దూరినా. ఆడోళ్ళ డాక్టరు అని ఉంది, ఫ్లోరా అని ఆడమనిషి పేరుంది, చాలనుకున్నా.

ఇది మూడోసారమ్మా నేను ఈ ఆస్పత్రికి రావడం. మొదటిసారి కూడా ఇట్టాగే అడిగితే నోరు తడబడి పన్ను నొప్పన్నా. ఆ డాక్టరు మంచోడే పాపం. వెతికి వెతికి, లోపల ఒకటి పుచ్చుండాదని పీకేసినాడు. నోట్లో దూది పెట్టుకోని ఇంటికి పొయినా. రెండోసారి కళ్ళు మసకన్నా. ఇదో, ఈ అద్దాలు అప్పటివే. బాగానే కనబడుతుండాది, కాదనను. ఇట్టాగే పోతే నా ఒంట్లో అన్నీ బాగుపడతాయి, బాగుపడాల్సింది తప్ప!

నవ్వొద్దమ్మా. నువ్వు నవ్వితే నాకు నవ్వొస్తాది. నాకు నవ్వొస్తే... అదే. అదే నా జబ్బు.

చెప్తా, ఉండు. ఆ ఫ్యాను పక్క చూసి చెప్తా. నీ మొహం చూసి నావల్ల కాదు.

నవ్వితే, దగ్గితే, తుమ్మితే... పడిపోతాదమ్మా. మూత్రం. ఆపుకోలేను. నాలుగేళ్ళు దాటింది.

అమ్మయ్య. అనేసినా.

కాన్పులా? నలుగురు. అందరూ ఇంట్లోనే పుట్టినారు. బరువులంటావా, గాజుల పెట్టె మోయడమే నా పని. కావలిలో అంగడుంది మాకు. సీమంతాలకీ పెళ్ళిళ్ళకీ ఇళ్ళకి పొయ్యి తొడిగేది నేనే. గాజులు యాడైనా దొరుకుతాయి, జైతూన్‌బీనే ఎందుకు పిలుస్తారంటే నా నోటికి. పెళ్ళికూతురు బిగుసుకోని ఉంటాది గదా, ఒక్క మాటనేసి నవ్విస్తే చెయ్యి సడలిపోతాది, గాజు జారినట్టు ఎక్కుతాది. ఊరందర్నీ నవ్వించేది నేను, నవ్వకూడనిదీ నేనే. ఎట్టుంటాదో చెప్పు!

పనికి పొయ్యే రోజు నీళ్ళు తాగను. ముదురు రంగు చీరలే కడతా. మొహం, కాళ్ళూ చేతులూ కడుక్కోని, అదే, వజూ చేసుకోని నమాజుకి నిలబడతానా, ఒక తుమ్ము. పొయ్యి మళ్ళీ వజూ. వచ్చి నిలబడతానా, దగ్గు. మా ఆడబిడ్డ జబీనా అయితే, "ఏంది వదినా, ఈ వయసులో నీళ్ళతో ఆటలా?" అంటాది. ఆటలే మరి!

ఇప్పుడెందుకొచ్చినావంటావా? చెప్తా విను.

పోయిన నెల కొడవలూరులో జయరామయ్యగారింట్లో సీమంతం. కోడలు భానుప్రియకి గాజులు తొడుగుతుండా. చుట్టూ ఆడోళ్ళు మొగుడి పేరు చెప్పమని ఒకటే గొడవ. ఆ పిల్ల సిగ్గుపడి తలెత్తదు. అప్పుడు వాళ్ళత్త చెంచమ్మ అనింది గదా, "వదిలెయ్యండే, కాన్పు రోజు చూడండి, మా వాణ్ణి పేరు పెట్టి వీధంతా వినబడేట్టు తిడతాది!"

ఇంకేముంది! నవ్వు పొంగుకొచ్చింది. నవ్వొకటేనా?

కొత్త చాప. దాని మీద నేను. పక్కన మజ్జిగ గిన్నె కనబడింది. మోచేత్తో ఒక్క తోపు తోసి ఒళ్ళోకి ఒంపుకున్నా. "అయ్యయ్యో, మజ్జిగ!" అని అందరికంటే పెద్దగా అరిచింది కూడా నేనే.

చెంచమ్మ నా చెయ్యి పట్టుకోని పెరట్లోకి లాక్కుపొయింది. తొట్టి కాడ నిలబెట్టి, నా చీర కడుగుతా, చెవిలో అంటాది: "మజ్జిగైతే వాసనొస్తాది మే జైతూనూ. నేను నీళ్ళ చెంబు ఒంపుకుంటా."

"ఏందీ?" అన్నా.

"నాకు పెద్దోడు పుట్టినప్పటి నుంచీ ఇంతే."

యా అల్లా! ఆ పెద్దోడికే గదమ్మా ఇప్పుడు బిడ్డ పుట్టబోయేది! ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆగలేదు నవ్వు. ఇంక ఆ రోజు ఆమె కూడా చీర మార్చుకుంది.

నవ్వి నవ్వి, ఉన్నట్టుండి ఏడ్చిందమ్మా. "నా ఒక్కదానికే అనుకున్నా మే. రైలెక్కాలంటే భయపడి కూతురింటికి కూడా పోను. నేను రాలేదని అది అలిగి మాట్లాడడమే మానేసింది" అని.

పైట చెంగుతో కళ్ళు తుడుచుకోని, "నువ్వు నోరున్నదానివి. ముందు నువ్వు పొయ్యిరా. డాక్టరమ్మ తిట్టకపోతే నేనూ వస్తా" అనింది.

అందుకొచ్చినా. నా ఒక్కదాని కోసమైతే ఈపాటికి మోకాళ్ళకి ఫొటో తీయించుకుంటా ఉందును.

ఏందీ? కసరత్తా?

మందు కాదా? కొయ్యడం కాదా? మూత్రం మధ్యలో ఆపుకున్నట్టు లోపల బిగించి, కాసేపు పట్టి, వదలాలా? రోజూనా? గాజులు తొడుగుతా కూడా చేసుకోవచ్చా? ఎదుటోళ్ళకి తెలియదా? ఇదో, ఇప్పుడు చేస్తుండా. కనిపెట్టినావా? అబ్బ, భలే ఉండాదే!

దీంతో తగ్గకపోతే వేరే దారులూ ఉండాయా. సరే, సరే.

నా ఈడు ఆడోళ్ళలో చానామందికి ఉంటాదా? మరి ఒక్కరూ నోరు విప్పరేమమ్మా?

ఆ... నేను మాత్రం విప్పినానా.

లేస్తా. ఒక్క మాట. ఆ కిటికీలోంచి చూడు. బండికి ఆనుకోని నిలబడుండాడే, పచ్చ చొక్కా, మా ఆయన అల్లావుద్దీన్. మోకాళ్ళ కోసం వచ్చినా అనుకుంటుండాడు. నువ్వే పిలిచి చెప్పరాదా?

ఎందుకంటే, నిద్రలో దగ్గొస్తే పక్క తడుస్తాదేమోనని, మొదట్లోనే వంటింట్లో చాపేసుకున్నానమ్మా. ఎందుకని అడిగినాడు. నోటికేదొస్తే అది అనేసినా. "నీ గురకకి నిద్ర పట్టడంలా" అన్నా.

నమ్మేసినాడు ఆ మనిషి. ఆవిరి పట్టినాడు. ముక్కులో చుక్కలు వేసుకున్నాడు. పక్కకి తిరిగి పడుకోవడం నేర్చుకున్నాడు. ఇప్పటికీ తెల్లారి లేచి వంటింటి గడప కాడికొచ్చి, "రాత్రి ఎట్టుండింది జైతూన్, తగ్గిందా?" అని అడుగుతాడు.

"కొంచెం" అంటా.

నేనే చెప్పాలా? సరేలే. నీకు చెప్పినదాన్ని ఆయనకి చెప్పలేనా. జబ్బు సంగతి చెప్పేస్తా, అదెంత పని.

కానీ మా ఆయనకి గురక లేదమ్మా. ఏనాడూ లేదు. అది ఎట్టా చెప్పేది?