రొయ్యల అప్పడాల డబ్బాలో మా సందు పెళ్ళిళ్ళు

రెండువేల పదహారు, డిసెంబరు వానలు. సురబాయాలో మా సందు మోకాలి లోతు నీళ్ళలో ఉంది. ఆ వారంలోనే కట్టాను, సందు ఫోటోలూ పాటలూ దాచే నా పెట్టెని, ఒంటి చేత్తో. రెండో చేత్తో గొడుగు పట్టుకున్నాను. నవ్వకు ముకిద్, నీ రిక్షా చెయిను ఊడితే రెండు చేతులు పెట్టి కూడా ఎక్కించుకోలేవు నువ్వు.

"పాక్‌దే, కథ తర్వాత చెబుదువుగాని," అంది పొనిరా, గ్లాసులో కాఫీ పొడి మీద వేడినీళ్ళు పోస్తూ. కాఫీ కొట్టు ఆవిడదే. సందులో అందరూ నన్ను పాక్‌దే అంటారు, అంటే పెదనాన్న. "గురువారం మా ఆయన పోయి వెయ్యో రోజు. అందరినీ భోజనానికి పిలిచాను. తిన్నాక ఆయన పాట వినిపిస్తానని కూడా చెప్పుకున్నాను. నా ఫోను నీళ్ళలో పడి చచ్చి ఏడాదైంది. ఆయన గొంతు ఇప్పుడు నీ పెట్టెలోనే ఉంది. ఇవాళ ఇస్తావా?"

ఇస్తాను తల్లీ, ఎందుకివ్వను? జుమైన్ పాట ఇవ్వకపోతే ఆ పెట్టె ఉండి ఏం లాభం? లుద్రుక్ నాటకాల్లో జుమైన్ హాస్యగాడి వేషం కట్టి నిలబడితే చాలు, నోరు తెరవకముందే జనం పొట్టలు పట్టుకునేవాళ్ళు. ఇస్తాను. ఒక్క కాఫీ తాగనివ్వు. ఆ పెట్టె ఎలాంటిదో తెలియకుండా తీసుకుంటే దాని విలువ తెలియదు నీకు.

"చెప్పనీ, వాన తగ్గేదాకా నాకూ బేరం లేదు," అన్నాడు ముకిద్, వేయించిన అరటిపండు కొరుకుతూ. మూలన మంగలి జైలాన్ కూర్చున్నాడు. వాడు తలలు దువ్వుతున్నప్పుడు తప్ప మాట్లాడడు.

మీకందరికీ తెలుసు, ఈ సందులో ఫోటోలన్నీ ఫోన్లలోనే ఉండేవి. ఫోను పోతే పెళ్ళి పోయినట్టే. నాకు పట్టలేని కోపం వచ్చింది. ముప్పై ఏళ్ళు రేడియోలు బాగుచేసినవాణ్ణి, నా సందులో ఇలా జరగడమా? కొత్త సర్వరు కొనాలంటే మోటారు సైకిలు ధర. నా దగ్గర మేక ధర కూడా లేదు. గెంటెంగ్ మార్కెట్‌లో ఒక ఆఫీసు పారేసిన కంప్యూటరు దొరికింది, దాని లోపలి బోర్డు మాత్రం ఊడదీసుకున్నాను. ఇక దాన్ని పెట్టడానికి ఒక డొల్ల కావాలి కదా? ఇదిగో, ఇక్కడ రొయ్యల అప్పడాలు పోసిపెట్టే చతురస్రపు రేకు డబ్బా, ముందు గాజు పలక ఉన్నది. పొనిరా తుప్పు పట్టిందని ఒకటి పారేసింది. దాన్ని కడిగి, అడుగున చిల్లులు పొడిచి, రెండు పాత డిస్కులు పెట్టాను. గాజులోంచి చూస్తే లోపల ఆకుపచ్చ దీపాలు.

"మరి డిస్కులు నిండిపోతే?" అడిగాడు ముకిద్.

అదీ అడగాల్సిన మాట! చదువుకున్నవాళ్ళు కూడా ఈ మాట అడగరు. డబ్బా మీద డబ్బా, అంతే. ఒకటి నిండితే ఇంకో అప్పడాల డబ్బా పైన పెట్టి, ఇంకో డిస్కు దింపడం. చిన్నదైనా పెద్దదైనా, ఏ కంపెనీదైనా, కొత్తదైనా పాతదైనా సరే, నా పెట్టె ఏదిచ్చినా తింటుంది. ఒకేసారి కొనడానికి డబ్బెవడిస్తాడు? అందుకే అరిసాన్ చీటీ పెట్టాను. నెలకి ఇరవై ఇళ్ళు తలా కొంచెం వేస్తారు, సీసా ఊపితే ఒక చీటీ బయట పడుతుంది, పేరు వచ్చిన ఇంటికి ఒక డిస్కు. ఆ ఇల్లు దాన్ని డబ్బాలో దింపుతుంది. చూశావా, ఏ ఇంటికీ భారం లేదు, పెట్టె మాత్రం నెలనెలా పెరుగుతుంది.

"ఇది మాత్రం నిజం," అన్నాడు ముకిద్. "మాదీ ఒకటుంది."

నాది ఏది అబద్ధం? అలా అయిదు నెలల్లోనే ఏడు డిస్కులయ్యాయి, మూడు డబ్బాలయ్యాయి. సందులో పెళ్ళిళ్ళన్నీ అందులోకి వెళ్ళాయి, సున్తీ విందులు వెళ్ళాయి, పుట్టినవాళ్ళు, పోయినవాళ్ళు కూడా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చీమలు పట్టాయి. అవును, చీమలు! పెళ్ళి ఫోటోల్లో అంత తీపి ఉంటే పట్టవా? కొబ్బరి మిఠాయి, తాటి బెల్లం పాకం, అన్నీ లోపలే కదా. డబ్బాలు పెట్టిన బల్ల నాలుగు కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టాల్సి వచ్చింది.

"ఫోటో తీపిగా ఉంటుందా పాక్‌దే?"

ముట్టుకోనిదే ఎలా తెలుస్తుంది? చీమ ముట్టుకుంది, దానికి తెలుసు. బరువు కూడా పెరిగింది. ఒక్కో పెళ్ళికి ఆరొందల మంది వచ్చారు, వాళ్ళందరినీ మోయాలి కదా ఆ బల్ల. మా నేల పగుళ్ళు ఇచ్చింది, చూపిస్తాను రా. ఆ తర్వాత ఏడాది వరద వచ్చినప్పుడు పెట్టె తేలి సందులోకి వచ్చేసింది. బ్యాటరీ ఉంది, దీపాలు వెలుగుతున్నాయి, దర్జాగా తేలుతూ వెళ్ళిపోయింది. పక్క సందువాళ్ళు కిటికీల్లోంచి ఫోన్లు చాపి, అది తమ ఇంటి ముందు నుంచి పోయేంతలో వాళ్ళ పెళ్ళిళ్ళు కూడా ఎక్కించేశారు. నేను వెనకాల ఈదుతూ వెళ్ళాను. రేవు దగ్గర పట్టుకునేసరికి నాలుగు వందల కుటుంబాలు ఎక్కి ఉన్నాయి అందులో. తిరిగి లాక్కొస్తుంటే ఆ ఆకుపచ్చ దీపాలు చూసి మదురా దీవికి వెళ్ళే పడవలు రెండు దారి తప్పి దాని వెనకే మా సందులోకి వచ్చాయి.

"పడవలు! సందులోకి!" ముకిద్ చేతిలో అరటిపండు కిందపడింది.

సగం దూరం వచ్చి ఇరుక్కున్నాయి, అదీ నిజమే ఒప్పుకుంటాను. ఇక ప్రావిన్సు ఆఫీసు నుంచి తెల్ల చొక్కాలవాళ్ళు ఆరుగురు వచ్చారు. "మా కాగితాలు కూడా నీ డబ్బాలో పెట్టుకుంటావా తాతా?" అన్నారు. రెండు లారీలు తెచ్చారు. నేనేమన్నాను? "ముందు చీటీలో చేరండి, పేరు వస్తే చూద్దాం," అన్నాను.

పొనిరా నవ్వింది, చాలా రోజుల తర్వాత. వెంటనే మళ్ళీ మొహం మామూలైంది. "అంత పెద్దదైతే మా ఆయన ఎక్కడున్నాడో వెతకడానికి ఎంతసేపు పడుతుంది?"

చిటికెలో దొరుకుతాడు. మూడో డిస్కులో ఉన్నాడు. నేను చేత్తో ఎక్కించాను కదా, నలభై రెండు నిమిషాలు. గుమాస్తా వేషం కట్టి, ఆకుపచ్చ తలపాగాతో, వానలో తడుస్తూ పాడాడు. చివర నిన్ను పేరు పెట్టి పిలుస్తాడు.

"ఆ పిలుపు కోసమే," అంది పొనిరా. గ్లాసులు తుడిచే గుడ్డ చేతిలోనే పట్టుకుని నిలబడింది. "ఒక మాట అడుగుతాను పాక్‌దే, నాకు తెలియక. డిస్కు కూడా మనిషిలా చస్తుందా? చస్తే అందులోవాళ్ళు ఏమవుతారు?"

మంచి ప్రశ్న. దీనికి సమాధానం గెంటెంగ్‌లో కూడా పదిమందికి తెలియదు. నేను నడివయసులో అక్షరాలు దిద్దుకుని, కంప్యూటర్ల పుస్తకం ఒకటి అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి తెలుసుకున్నాను. ఎనిమిది మంది విందుకి కూర్చున్నారు అనుకో. ఒక్కొక్కడి పళ్ళెంలో గుడ్లు ఉన్నాయి. మొత్తం ఎన్నో నేను రాసి పెట్టుకున్నాను. ఒకడు పళ్ళెం ఎత్తుకుని పారిపోయాడు. మిగతావాళ్ళ గుడ్లు లెక్కపెట్టి, మొత్తంలోంచి తీసేస్తే, పారిపోయినవాడి పళ్ళెంలో ఎన్నున్నాయో తెలియదా?

"తెలుస్తుంది," అన్నాడు ముకిద్ నెమ్మదిగా, వేళ్ళు ముడుస్తూ. "అవును, తెలుస్తుంది!"

ఆ మొత్తం రాసిపెట్టుకునేవాడే కాపలా డిస్కు. వాడి దగ్గర ఒక్క ఫోటో ఉండదు, ఒక్క పాట ఉండదు, ఉత్త లెక్క. వాడు అందరికంటే పెద్దవాడై ఉండాలి. ఒక డిస్కు చచ్చిందా, కొత్తది పెట్టు, కాపలావాడు మిగతావాళ్ళని లెక్కపెట్టి, చచ్చినవాడిలో ఉన్నదంతా మళ్ళీ రాసేస్తాడు. ఒక్క చుక్క తేడా రాదు.

"అబ్బ," అంది పొనిరా. "లేనివాళ్ళని లెక్కపెట్టి తెస్తుందన్నమాట."

అంతేనా? మా కాపలావాడు ఇంకా ఎక్కువ నేర్చుకున్నాడు. సందు చివరింటివాళ్ళ ఫోటో ఒకటుంది, తండ్రి లేడు అందులో, ఫోటో తీసింది ఆయనే కదా. కాపలావాడు తల్లిని లెక్కపెట్టాడు, నలుగురు పిల్లల్ని లెక్కపెట్టాడు, పుంజుని కూడా లెక్కపెట్టాడు. ఎక్కడో ఒకడు తగ్గాడే అనుకున్నాడు. రెండో రోజు చూస్తే వెనక వరసలో తండ్రి నిలబడి ఉన్నాడు, మెడలో కెమెరాతో! ఆ తర్వాత ఏమైందో తెలుసా? నలభై ఏళ్ళ కింద తప్పిపోయిన మా మేనమామ ఒక పెళ్ళి ఫోటోలో అన్నం తింటూ కనబడ్డాడు. ఒకసారి సముద్రంలో అలల్ని లెక్కపెట్టి, ఒక పడవ తక్కువైందని మధ్యాహ్నమే చెప్పాడు. సాయంత్రం రేడియోలో...

"పాక్‌దే," అన్నాడు జైలాన్.

నేను ఆగాను. జైలాన్ అలా మధ్యలో మాట్లాడే మనిషి కాదు.

"ఆ కాపలా డిస్కు అందరికంటే పెద్దదన్నావు కదా. ఎనిమిది టెరాబైట్లదా?"

అవును.

"పోయిన రంజాన్ ఉపవాసాల నెలలో చీటీలో నా పేరు వచ్చింది. అందరూ డబ్బాలో దింపమంటే, మా అమ్మాయి చదువుకి కావాలి ఇంటికి తీసుకెళ్తానన్నాను. నువ్వు లోపలికి వెళ్ళి పేపర్లో చుట్టి తెచ్చావు. ఎనిమిది టెరా. అందరి డిస్కుల మీదా ఇంటి పేరు రంగుతో రాస్తావు కదా, దాని మీద ఏ పేరూ లేదు." జైలాన్ గొంతు సవరించుకున్నాడు. "నాకప్పుడే అనిపించింది, ఇది ఎవరిదీ కాదా అని. అది కాపలావాడేనా?"

ముకిద్ నా వైపు చూశాడు. తర్వాత పొనిరా వైపు చూసి, చూపు కిందకి దించుకున్నాడు.

నేను కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టాను. అడుగున మడ్డి మిగిలింది. ఆ నెల పిడుగు పడి పెట్టెకి కరెంటు ఇచ్చే భాగం కాలిపోయింది. చీటీ డబ్బులు దానికే పోయాయి, డిస్కు కొనలేదు. నలభై మంది చుట్టూ కూర్చున్నారు, జైలాన్ పేరు పిలిచారు. పేరు వచ్చినవాడిని ఉత్త చేతులతో లేపకూడదు, అది మన అరిసాన్ మర్యాద. ఒక ఫోటో కూడా లేని డిస్కు ఒక్కటే ఉంది, అది ఇచ్చాను. వచ్చే నెల కొత్త కాపలావాణ్ణి కొంటాననుకున్నాను. ఒక్క నెలలో ఏమవుతుందిలే అనుకున్నాను.

"నేను తెచ్చేస్తాను, ఇప్పుడే," లేచాడు జైలాన్. "పరుగెత్తుకెళ్ళి తెస్తాను."

"మీ అమ్మాయి దానిలో ఏం పెట్టింది?" అడిగాను.

"సినిమాలు, పాఠాలు. మొదటిరోజే మొత్తం తుడిచి మళ్ళీ నింపింది."

అయితే కూర్చో. లెక్క పోయింది. ఇక నువ్వేం చేసినా తిరిగి రాదు.

పొనిరా పొయ్యి మంట తగ్గించింది. తడి గుడ్డని నెమ్మదిగా పిండి గిన్నె అంచున ఆరేసింది. "ఫరవాలేదు పాక్‌దే," అంది. "కాపలావాడు లేకపోతేనేం, మిగతావాళ్ళు బాగానే ఉన్నారు కదా. మూడో డిస్కు బాగానే ఉంది కదా? ఆయన అందులోనే ఉన్నాడన్నావు. గురువారానికి ఇచ్చేస్తే చాలు."

ఇంకో కథ నోటిదాకా వచ్చింది. చీమలు, పడవలు, తెల్ల చొక్కాలు, ఏదైనా చెప్పగలిగేవాణ్ణి. ఆవిడ నా మొహమే చూస్తోంది, నిజంగా తెలుసుకోవాలని. నిజమే చెప్పాను.

"కాపలా డిస్కు ఇచ్చిన పదకొండో రోజున మూడో డిస్కు చచ్చింది. గెంటెంగ్‌లో ముగ్గురికి చూపించాను, తెరవలేమన్నారు. బియ్యం డబ్బాలో పాతిపెట్టాను, ఐసు పెట్టెలో పెట్టాను. లేవలేదు. నెల రోజులుగా నీకు చెప్పలేక ఇలా తిరుగుతున్నాను."

"అయితే పాట?"

"లేదు."

వాన అప్పటికి తగ్గింది. ముకిద్ రిక్షా దగ్గరికి వెళ్ళలేదు. జైలాన్ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పొనిరా నా గ్లాసు తీసుకుని కడిగింది, ఇంకో గ్లాసు కాఫీ పోసి నా ముందు పెట్టింది. నా మొహం చూడలేదు.

గురువారం నలభై మంది భోంచేశారు. పాట వినిపించలేదు. మూడో డిస్కుతో పదమూడు ఇళ్ళ పెళ్ళిళ్ళు పోయాయి, జుమైన్ గొంతు నలభై రెండు నిమిషాలు పోయింది. దానికి ఇంకో కాపీ లేదు.