పిట్ట ముట్టలే

ఏందయ్యా, ఇంకెంతసేపు కూసోవెడ్తవు మమ్మల్ని? మూడొద్దులకు నీ బొంద కాడ పిట్టకు పెట్టినం. పిట్ట ముడితేనే నీ మనసు సల్లవడ్డట్టు. పొద్దు నెత్తిమీదికొచ్చింది, ఒక్క కాకన్న ఆకు దిక్కు వాలుతలేదు.

మీ అక్క బుచ్చవ్వ ఏమంటాందో ఇన్నవా? "ఇరవయ్యేండ్లు పటాకులు కాల్చి పిట్టలను ఎల్లగొట్టిండు, ఇయ్యాల రమ్మంటె వస్తయా!" అని. అందరు నవ్విర్రు. బొంద కాడ నవ్వుడేందయ్యా?

విమానాలు దిగే బాట మీద నువ్వు ఎండల నిలవడి కొట్టకపోతే, పిట్టలు విమానాలకు తాకి ఎన్ని పానాలు పోతుండెనో ఆళ్లకేం తెలుసు?

కాకులు వస్తయేమోనని, పోరగాళ్లను సదివిస్తమని మీవోళ్లు నీకు మాటిచ్చిర్రు. రాలే. రేకులు తీసి స్లాబేస్తమన్నరు. రాలే. మా తమ్ముడు శేఖర్ ముందుకొచ్చి, "బావా, అక్కను నేను సూస్కుంట" అన్నడు. దగ్గరిదాంక వొచ్చిన రెండు కాకులు సుత మర్లిపోయినయి.

నువ్వు దేనికోసం ఆగినవో నాకెరికే.

గద్ద విమానానికి తాకిన నాడు... నడిపే పిల్లగాడు బతికిండు గని, నువ్వు డ్యూటీల నిద్రవోయినవని రాసి తీసేసిర్రు. ఇంటికొచ్చి ఒక్కటే అడిగినవు. "దుర్గా, విమానాల బాట గోడెనుక కోడి పేగులు ఎవలు పారవోస్తుర్రే? గద్దలు గందుకే జమైతున్నయి." నేను తలకాయ వంచుకొని, నాకెరికలేదన్న.

ఎరికే అయ్యా. శేఖరే. గుండ్లపోచంపల్లిల వాని చికెన్ షాపు టబ్బులు కడిగేది, పేగుల సంచులు కట్టేది నేనే కదా. పేగులన్ని చేపల చెరువుకు పోతయక్కా అని నా నెత్తి మీద చెయ్యి వెట్టి ఒట్టేసిండు. నమ్మిన. గద్ద తాకిన దానికి వారం ముందే గోడెనుక సంచి సూసిన. నా పాత చీర పేలికతోని నేను కట్టిన ముడే! అయినా నోరు తెరువలే. తోడవుట్టినోడాయె. నువ్వేమో ఆ నింద మోసుకుంట, బువ్వ మానేసి, ఇగో ఇట్ల మట్టిల...

అగో! ఏదో దిగుతాంది. "ముట్టింది, ముట్టింది!" అని అందరు లేస్తుర్రు.

కాకి కాదయ్యా. గద్ద. శేఖర్ షాపు నుంచి తెచ్చిన కూరనే గీరుతాంది సూడు.

హుష్! పో! పోవే! సప్పట్లు ఇనవడుతున్నయా? నువ్వు కొట్టినట్టే కొడుతున్న.

"పిచ్చి లేసిందా, వొచ్చిన పిట్టను ఎల్లగొడ్తవా?" అంటాంది బుచ్చవ్వ. నలుగుర్ల ఎన్నడు గొంతు లేపినదాన్ని కాదు, ఇయ్యాల లేపుతున్న.

శేఖర్, ఇటు రారా. ఆ కూర గిన్నె తీస్కపో. ఎందుకో నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?

నువ్వు జర ఆగయ్యా. ఇంకో ఆకేస్త. ఉత్త బువ్వే.