కానిస్టేబుల్ టిబ్బెట్ సవరణ

లండన్, 1911. ఆడవాళ్లకు ఓటు కావాలని పోరాడే ఒక వారపత్రిక ఆఫీసు. బొమ్మలు గీసే మిస్ లార్కిన్ బల్ల ముందు, ఆ వీధిలోనే కాపలా తిరిగే కానిస్టేబుల్ టిబ్బెట్ హెల్మెట్ చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. బల్ల మీద పత్రికవాళ్ల కొత్త పోస్టరు పరిచి ఉంది, దాని మీద ఒక పోలీసు బొమ్మ.

"అయితే ఆ మీసం నాది కాదంటారు?"

"లండన్‌లో మీసాలకేం కరువా, టిబ్బెట్ గారూ."

"కుడివైపు పైకీ, ఎడమవైపు కిందికీ ఉండే మీసం ఒక్కటే ఉంది, మిస్. అది నా మొహం మీద ఉంది. ఇప్పుడు ట్రాము మలుపులో ఉంది, చేపల బజారులో ఉంది, మా పోలీసు స్టేషను ఎదురుగోడ మీద కూడా ఉంది."

"స్టేషను ఎదురుగానా? అక్కడ అంటించొద్దని చెప్పానే."

"నవ్వులాటగా ఉందా మీకు?"

"నవ్వట్లేదండీ. సరే, మీసం మీదే. రోజూ మా కిటికీ కింద నిలబడతారు కదా, కళ్లకు అలవాటైపోయింది. గీస్తుంటే దానంతటదే వచ్చేసింది."

"మొహం వచ్చిందే అనుకుందాం. పొట్ట అంత ఎక్కడుంది నాకు? పోనీ, అదీ వదిలేద్దాం. ఆ చెయ్యేమిటి? ఆడమనిషి మణికట్టు పట్టుకుని అలా మెలిపెట్టడం నేనెప్పుడు చేశాను? మీవాళ్లు పేపర్లు అమ్ముతుంటే ఎప్పుడైనా చెయ్యి వేశానా? చెప్పండి."

"లేదు. ఫుట్‌పాత్ మీద నిలబడితే దారికి అడ్డమన్నారు. కిందికి దిగి నిలబడమన్నారు."

"అది రూలు. మర్యాదగానే చెప్పాను."

"చాలా మర్యాదగా. 'అమ్మా, దయచేసి బురదలోకి దిగండి' అన్నారు."

"అన్నానుగా. మరి ఇదేమిటి? కింద రాత చూడండి. 'ఓటడిగిన ఆడదానికి సర్కారు జవాబు.' సర్కారు జవాబైతే ఏ మంత్రి మొహమో వెయ్యాలి గాని, నాదెందుకు?"

"మంత్రిగారు మా కిటికీ కింద నిలబడరు."

"మాంసం కొట్టువాడు నన్ను చూడగానే చేతులు వెనక్కి దాచుకుంటున్నాడు. 'మెలిపెట్టకండి దొరా' అంటున్నాడు. వచ్చే నెల సార్జెంటు పోస్టు ఖాళీ అవుతుంది, అది నాకే రావాలి. నిన్న ఇన్‌స్పెక్టరు గారు పిలిచి, 'టిబ్బెట్, నువ్వు నిజంగా...' అని ఆగిపోయారు. ఆగిపోయారు, మిస్. పూర్తిగా అడిగేసినా బాగుండేది."

"అయ్యో. ఇంతదూరం పోతుందనుకోలేదు. చెయ్యని పని మీ నెత్తిన రుద్దాను, తప్పు నాదే. ఏం చెయ్యమంటారు?"

"సవరణ వెయ్యండి. మీ పత్రికలోనే, మొదటి పేజీలో."

"ఏ పత్రికలో? అబద్ధాల కాగితమని మొన్న పేపర్లు అమ్మే మా మిసెస్ హాలమ్‌తో అన్నారే, అందులోనా?"

"అందులోనే. అందరూ దాన్నే చదువుతుంటే నేనేం చెయ్యను?"

"సరే, రాస్తున్నాను. 'కానిస్టేబుల్ హొరేస్ టిబ్బెట్ ఏ స్త్రీ మీదా ఏనాడూ చెయ్యి చేసుకోలేదు. పోస్టరులో ఆయన పోలిక రావడం మా పొరపాటు.' చాలా?"

"'ఏనాడూ' కింద ఒక గీత గీయండి."

"గీశాను. కాని మా ఎడిటరమ్మ సాక్షి లేకుండా ఏదీ వెయ్యనివ్వదు. మిమ్మల్ని బాగా ఎరిగిన ఆడమనిషి ఎవరైనా దీని కింద సంతకం పెట్టాలి."

"ఆడమనిషే ఎందుకు? మా ఇన్‌స్పెక్టరు గారి చేత పెట్టిస్తాను."

"ఆయన చెయ్యి మీరు మెలిపెట్టారని ఎవరూ అనలేదుగా."

"ఓటుకే పనికిరాని సంతకం దీనికేం పనికొస్తుందండీ?"

"మా దగ్గర పనికొస్తుంది. ఇంట్లో మీ ఆవిడ ఉన్నారుగా."

"హెట్టీనా? అవును, హెట్టీ ఉంది. పెళ్లై పదకొండేళ్లు. నన్ను దానికంటే ఎరిగినవాళ్లెవరు? పెట్టమంటే పెడుతుంది."

"ఇంకేం, రేపు తెచ్చెయ్యండి. ఆవిడ పోస్టరు చూశారా?"

"చూసింది."

"ఏమన్నారు?"

"ఏమంటుంది? చూసింది."

"మీసం చూసి నవ్వి ఉంటారు."

"మీసం చూడలేదు. గోడ దగ్గరికంటా వెళ్లి ఆ చెయ్యే చూసింది. చాలాసేపు. ఇలా ఇవ్వండి కాగితం, నాకు డ్యూటీ టైమైంది."

మర్నాడు మధ్యాహ్నం టిబ్బెట్ అదే కాగితం పట్టుకుని తిరిగి వచ్చాడు.

"రండి, కూర్చోండి. టీ పొయ్యనా?"

"వద్దు."

"సంతకం తెచ్చారా?"

"పత్రిక అచ్చుకు ఎప్పుడు పోతుంది?"

"సాయంత్రం. మొదటి పేజీలో మీకు చోటు ఆపి ఉంచాను. పెట్టారా ఆవిడ?"

"పెడతానంది. పెట్టనని అనలేదు. ఆ మాట మటుకు అనలేదు."

"మరి కాగితం కింద ఖాళీగా ఉందే?"

"ఇన్‌స్పెక్టరు గారి సంతకంతో కానివ్వకూడదా, మిస్?"

"కుదరదని నిన్ననే చెప్పానుగా. ఇంతకీ ఆవిడకి వచ్చిన అభ్యంతరమేమిటి?"

"అభ్యంతరమేం కాదు. పెద్దగా చదువుకున్న మనిషి కాదు కదా. వాక్యంలో ఒక మాట తగ్గిందంటుంది. అది రాస్తే వెంటనే పెడతానంటుంది."

"ఒక్క మాటేగా, కలిపేద్దాం. కలం ఇక్కడే ఉంది."

"మీరు కలపకండి."

"మీ మంచికే కదండీ. ఏం మాట?"

"'ఏ స్త్రీ మీదా' అని ఉంది చూడండి, దానికి ముందు... 'వీధిలో' అని."