క్షేమం ముద్ర

ఏందీ, ఆపినవేంది? మల్ల సదువు ప్రసన్నా, ఆ ఆఖరి ముక్క. "కుటుంబ సభ్యుల నడుమ ప్రశాంతంగా కన్నుమూశారు." ఎవడు చెప్పిండు నీ ఫోనుకు? నేనైతే చెప్పలె. లింగమూర్తి పేరు చెప్పిన, సూరత్‌ల మగ్గం నడిపిండన్న, అందరికి ఉత్తరాలు రాసిపెట్టెటోడన్న, పోయి నలభై ఏండ్లయిందన్న. గంతే. మిగిలిందంత అదే అల్లింది! "మృదుభాషి" అట. ఎవడు, లింగమూర్తా? థూ! బూతు లేకుంట వానికి పొద్దు పొడిచేదా? నవ్వకు, నాకు ఒళ్ళు మండుతున్నది. మన నేతోళ్ళ సంఘపోళ్ళు పోయినోళ్ళ యాదికి గిది పుస్తకంల అచ్చేస్తరు, ఆయితారం మైకుల సదువుతరు. వాని పెండ్లాం, ఎల్లవ్వ వదినె, ముందు వరుసల కూసోని ఇంటది. ఇంటదా గీ మాట ఆమె? ఏమన్న ఉన్నదా దానికి!

అప్పుడు ఫోన్లేడియి బిడ్డా? ఆయితారం కారఖానా బంద్. మనోళ్ళంత ఇన్లాండ్ కవర్లు పట్టుకోని పాండేసరల మేముండే ఖోలీ ముందట లైను. లింగమూర్తి పెన్ను మూత తియ్యకముందే ప్రతోన్ని అడిగెటోడు, "ఏమిరా, పాణం మంచిగున్నదా? నిజం చెప్పు." జరమొచ్చినోడు క్షేమమని రాయమంటే లేసెటోడు, "నీ యవ్వ, నీ పెండ్లానికి అబద్ధం నాతోని రాపిస్తవా?" అని. ఒక్కో ఉత్తరానికి గంట! పక్కన కూసోని నాకు ఒకటే చిరాకు. నేనేమో జకార్డు మగ్గం మీద ఉంటి. అట్టలకు బొక్కలు పొడిచి ఎక్కిస్తె అదే పువ్వు నేసుకుంట పోతది గద, ఎన్ని చీరెలైనా సరే. అందరి ఉత్తరాలల్ల మొదటి ముక్క ఒక్కటే అయినంక చెయ్యి నొప్పి లేపుకునుడెందుకు? భాగల్ బజారుకు పోయి రబ్బరు ముద్ర చేపిచ్చిన. "ఇక్కడ మేమందరం క్షేమం. అక్కడ మీరు క్షేమమని తలుస్తాము." ముద్రలు చెక్కే గుజరాతాయనకు తెలుగు ఒక్క అచ్చరం రాదు, నేను రాసిచ్చింది చూసి బొమ్మ లెక్క చెక్కిండు. లింగమూర్తి దాన్ని చూసి మోరీల పారేసిండు. నేను తీసి కడుక్కున్న. కవర్ల కట్ట మొత్తానికి గుద్ది పెట్టుకున్న, హుషారు మీద.

ఆ వానకాలమే వానికి కామెర్లు ముదిరినయి. సర్కారు దవాఖాన్ల పండి, "గణపతీ, ఎల్లవ్వను రమ్మను, ఒక్కసారి సూస్తరా" అన్నడు. తంతి, గదే టెలిగ్రాం, కొట్టరాదా అంటవా? తంతి వచ్చిందంటే మా దిక్కు సచ్చిండనే ఏడుస్తరు, విప్పి కూడ సూడరు. ఆమె గుండె ఆగుతదని ఉత్తరమే రాసిన. చేతికి గా ముద్ర కవరే దొరికె. కింద రాసిన, లింగమూర్తికి బాగలేదు, ఎంటనే బయలెల్లుమని. ఊర్లె పోస్టుమాన్ ఎల్లవ్వ ముందట కవరు విప్పి పైముక్క సదివి, "అందరు క్షేమమేనట, మిగిలింది పంతులుతోని సదివిచ్చుకో" అని సైకిలెక్కె. నాట్ల దినాలు. ఆమె దాన్ని చూరుల చెక్కి పొలం పోయింది. నాలుగో నాడు పంతులు సదివి లబోదిబోమన్నడు. వాడా, తలుపు దిక్కు సూసుకుంటనే పోయిండు. ప్రశాంతమంట, ప్రశాంతం!

ఆమె దినాలకు ముందు వచ్చింది, ఆ కవరు కొంగుల ముడేసుకోని. "గీ క్షేమమని ఎవలు రాసిండ్రు గణపతీ?" అనడిగింది. నేనేమన్ననో ఎరికేనా? "నువ్వు బెంగటిల్లుతవని వాడే రాయమన్నడు వదినె" అన్న. వాడు! ఆ లింగమూర్తి! అవునా అని కవరు మల్ల కొంగుల ముడేసుకున్నది. ఇన్నేండ్లు ఎవలచ్చినా అదే చెప్పుకుంట మురుస్తది, "సచ్చేటప్పుడు కూడ నా బెంగనే మా ఆయనకు" అని. నేను పక్కనే కూసోని చాయ్ తాగిన.

ఏందీ, దిద్దుతవా? ఏం దిద్దుతవు? దానికి తెల్వక రాసింది, నేను ఎరికుండే చెప్పిన. బంద్ పెట్టు. నా చెప్పులేడియి? ఆటోను పిలువు, కోసాడ్ పోవాలె, కొడుకింట్ల ఉంటది ఎల్లవ్వ వదినె. మనుమండ్లు, కోడండ్లు ఇల్లంత జనమే. ఆమెకు చెవులు పోయినయి బిడ్డా, మెల్లగ చెప్తె ఇనపడది. ఒర్రి చెప్పాలె.